అద్దకం నీళ్లలో రంగు పోతే చాలదు: ఉప్పును ఆపడం, చౌడెక్కిన చెలకను బాగుచేయడం ఎలా

మా మేనమామకు వరంగల్ ఊరి చివర చిన్న అద్దకం షెడ్డు ఉండేది. కొత్తవాడ మగ్గాలకు జంపఖానాల నూలు అక్కడి నుంచే వెళ్లేది. షెడ్డు వెనక మట్టి కాలువ, ఆ కాలువ చివర మా 20 గుంటల (అర ఎకరం) చెలక. ఎరుపు అద్దిన రోజు ఎర్రగా, నీలం అద్దిన రోజు నీలంగా కాలువ పారేది. ఊళ్లో నలుగురూ అడగడం మొదలుపెట్టాక మామ సున్నం, పటిక కలిపి నీళ్లు తేర్చి వదిలాడు. నీళ్లు తేటగా వచ్చాయి. "రంగు వోయింది గద అల్లుడా, ఇంకేం గావాలె?" అన్నాడు. రెండేళ్లు తిరిగేసరికి చెలకలో కంది మొలవలేదు. గట్టు మీది జామచెట్టు ఆకులు అంచుల నుంచి మాడుతూ వచ్చాయి. బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలాయి.

రంగు కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరం దాని వెంటే పడతాం. మా నేలను చంపింది రంగు కాదు, ఉప్పు. సున్నం వేసినా, పటిక వేసినా, అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వేసినా రంగు మడ్డిగా అడుగున చేరుతుంది, ఉప్పు మాత్రం ఆ తేట నీళ్లలోనే దాక్కుంటుంది. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి.

ఇది రోజుకు పది, ఇరవై కిలోల నూలు అద్దే చిన్న షెడ్ల వాళ్ల కోసం, అలాంటి నీళ్లు పారి పాడైన భూమి ఉన్న రైతుల కోసం రాస్తున్నాను. టన్నుల లెక్కన అద్దే యూనిట్లకు ఆర్వో, ఆవిరి యంత్రాలు కావాలి. వాళ్లకు ఇది సరిపోదు.

మొదట కాగితాలు

షెడ్డు ఎంత చిన్నదైనా అద్దకానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. కట్టడానికి ఒకటి, నడపడానికి ఒకటి. నీటి శుద్ధిలో వచ్చే మడ్డి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది కాబట్టి దాన్ని నిల్వ చేయడానికి, పంపడానికి ఫారం 1లో వేరే అధికార పత్రం తీసుకోవాలి. మండలి ప్రాంతీయ కార్యాలయం వరంగల్‌లోనే ఉంది. మీరు ఎంత నీళ్లు వాడతారో, ఏ రంగులు వాడతారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే సగం పని అక్కడే తేలుతుంది. ఆ కాగితం ఎలా రాయాలో ఇప్పుడు చూద్దాం.

ఒకటో మెట్టు: మీ షెడ్డు ఉప్పు లెక్క వేయండి

రియాక్టివ్ రంగులతో (నూలుకు రసాయనికంగా అతుక్కునే రంగులు) 10 కిలోల నూలు చిలపలు (నూలు చుట్టలు) అద్దుతున్నారనుకుందాం. నూలు బరువుకు ఇరవై రెట్లు నీళ్లంటే తొట్టిలో 200 లీటర్లు. ఓ మోస్తరు ముదురు రంగుకు లీటరుకు 50 గ్రాముల ఉప్పు వేస్తాం. అంటే 10 కిలోలు. నూలెంతో ఉప్పంత! సోడా యాష్ దీనికి అదనం. ఈ ఉప్పు నూలుకు పట్టదు. రంగును నూలు వైపు తోసి, తాను నీళ్లలోనే ఉండిపోతుంది. ఏడాదికి 250 రోజులు పని జరిగితే రెండున్నర టన్నుల ఉప్పు షెడ్డు దాటి ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి. ఎక్కడికి వెళ్తోందో మీకు తెలియకపోతే, అది మీ బోరుకో పక్కవాళ్ల పొలానికో వెళ్తున్నట్టే.

వ్యాట్ రంగులు (నేరుగా నీళ్లలో కరగనివి, నీలిమందు లాంటివి) వాడేవాళ్లకు ఉప్పు తక్కువ, కాస్టిక్ సోడా, హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్) ఎక్కువ. అయినా అందులో ఉన్నదీ సోడియమే. నేలకు పడని సరుకు అదే.

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్ను ఒకటి కొనండి, ఖరీదు పెద్దగా ఉండదు. ముందు మీ బోరు నీళ్లు కొలిచి తేదీతో గోడ మీద రాయండి. అది మీ మొదటి గుర్తు. తర్వాత తొట్టి నీళ్లు కొలవాలి. వాటిలో పెన్ను నేరుగా ముంచితే అంకె చూపలేదు, ఎందుకంటే లీటరుకు 50 గ్రాములంటే 50,000 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు తొట్టి నీళ్లకు పంతొమ్మిది గ్లాసుల ఆర్వో నీళ్లు కలిపి కొలిచి, వచ్చిన అంకెను ఇరవైతో గుణించండి.

రెండో మెట్టు: నీళ్లను కలపకండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. ఖర్చూ దీనికే తక్కువ. అయినా ఎక్కువ షెడ్లలో రంగు తొట్టి నీళ్లు, జాడింపు నీళ్లు, సబ్బు నీళ్లు అన్నీ ఒకే కాలువలోకి పోతాయి. ఒకసారి కలిశాక ఆ ఉప్పును విడదీయడం చిన్న షెడ్డు వల్ల కాదు.

లెక్క చూడండి. అద్దిన చిలపల్ని తొట్టిలోంచి తీసి, పిండకుండా పక్కన పడేస్తే నూలు తన బరువుకు మూడు నాలుగు రెట్ల నీళ్లు మోసుకెళ్తుంది. తొట్టి మీదే కర్రకు వేలాడదీసి, మెలిపెట్టి గట్టిగా పిండితే 10 కిలోల నూలులో 20 లీటర్లకు మించి ఉండవు. ఆ 20 లీటర్లలో ఉండే ఉప్పు ఒక కిలో. మిగతా 9 కిలోలు తొట్టిలోనే ఆగిపోయాయి. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని పది నిమిషాలు పిండితే జరిగే పని ఇది. చిలప చివర నుంచి కారే ధార సన్నబడి, చుక్కచుక్కగా మారేదాకా ఆగండి. చేతికి తొడుగులు తప్పనిసరి.

తర్వాత మొదటి జాడింపు 200 లీటర్లలో కాకుండా 60 లీటర్లలోనే చేయండి. మళ్లీ పిండండి. ఆ నీళ్లలో లీటరుకు 12 గ్రాములకు పైనే ఉప్పు ఉంటుంది, నూలులో మిగిలేది పావు కిలో. రెండో జాడింపు 200 లీటర్లలో చేస్తే లీటరుకు గ్రాము చిల్లర మాత్రమే వస్తుంది. మూడోది, నాలుగోది ఇంకా పలచన.

కాబట్టి ఉప్పు దాదాపు అంతా తొట్టి నీళ్లు, మొదటి జాడింపు కలిపి సుమారు 240 లీటర్లలోనే ఉంది. ఆ రెంటికీ ఒక ట్యాంకు పెట్టి ఎర్ర పెయింటుతో 'ఉప్పు' అని రాయండి. మిగతా జాడింపులకు, సబ్బు నీళ్లకు రెండో ట్యాంకు. రెండు పైపులు, రెండు మూతలు. షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా మొదటి రోజే చూపించాల్సింది ఇదే.

మూడో మెట్టు: ఉప్పు నీళ్లను ఎండబెట్టడం

ఈ 240 లీటర్లను భూమి మీదికి వదలకూడదు, చెరువులోకి వదలకూడదు, ఇంకుడు గుంతలోకి అసలే వదలకూడదు. చిన్న షెడ్డుకు ఉన్న దారి ఎండ. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న మడి కట్టి అందులో ఆరబెట్టాలి.

మడి ఎంత ఉండాలి? ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లు ఆరితే ఒక లీటరు పోయినట్టు. మీ దగ్గర రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు ఆరుతుందో మీరే కొలుచుకోవచ్చు. నిటారు అంచున్న స్టీలు పళ్లెంలో మీ ఉప్పు నీళ్లే పోసి ఎండలో పెట్టి, స్కేలుతో పొద్దున ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి కొలవండి. మంచి నీళ్లతో కొలిస్తే లెక్క తప్పుతుంది, ఉప్పు నీళ్లు నెమ్మదిగా ఆరతాయి. చలికాలంలో రోజుకు మూడు మిల్లీమీటర్లు కూడా ఆరకపోవచ్చు. ఆ లెక్కన 240 లీటర్లకు 80, 90 చదరపు మీటర్లు, అంటే దాదాపు వెయ్యి చదరపు అడుగులు కావాలి. ఎండాకాలం లెక్కతో చిన్న మడి కడితే డిసెంబరులో పొంగుతుంది.

అడుగున మట్టి గట్టిగా దిమ్మిస చేసి, హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు పరిచి, దాని మీద సిమెంటు పూత. గట్టు ఒకటిన్నర అడుగు. మన వైపు ఏడాదికి దాదాపు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, కప్పు లేని మడిలో నాలుగు నెలలు నీళ్లు ఆరకపోగా పెరుగుతాయి. మడి మీద వెలుతురు దిగే పారదర్శక రేకులు ఏటవాలుగా వేసి, పక్కలు గాలికి తెరిచి ఉంచండి. అప్పటికీ ముసురు పట్టిన వారాల్లో ఆరడం ఆగిపోతుంది, అందుకని పది రోజుల నీళ్లు పట్టే మూత ట్యాంకు అదనంగా ఉండాలి. ట్యాంకు నిండితే అద్దకం ఆపండి. ఆ మాట మామకు నచ్చేది కాదు, ఆర్డరు పోతుందని టెన్షన్ పడేవాడు. కానీ ముసురులో కాలువలోకి వదిలిన నీళ్లే మా చెలకకు చేరాయి.

అడుగున మిగిలేది మురికి ఉప్పు. పశువులకు నాకనివ్వకండి, మళ్లీ తొట్టిలో వేయకండి, కొబ్బరిచెట్టు మొదట్లో పోయకండి. సంచుల్లో కట్టి మడ్డితో పాటే పంపాలి.

నాలుగో మెట్టు: జాడింపు నీళ్లలో రంగు తీయడం

రెండో ట్యాంకులో ఒక రోజు నీళ్లన్నీ, సల్ఫర్ రంగు నీళ్లు తప్ప, చేరనివ్వండి. పొద్దున నలుపు, మధ్యాహ్నం పసుపు అద్దితే అన్నీ కలిసి ఒకే తీరు నీళ్లవుతాయి, మోతాదు నిలకడగా ఉంటుంది.

వ్యాట్ రంగు నీళ్లు ఉంటే వాటిని ముందు గాలికి చూపాలి. హైడ్రోస్ ఉన్నంతసేపు ఆ రంగు నీళ్లలో కరిగే ఉంటుంది. నీలం అద్దిన తొట్టిని దగ్గర నుంచి చూడండి. లోపల పచ్చగా పసుపుగా ఉంటుంది, పైన గాలి తగిలే చోట మాత్రం నీలి తెట్టు. బకెట్‌తో తీసి ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోస్తూ ఉంటే కాసేపటికి మొత్తం నీలమై, రంగు నలకలుగా విడిపోతుంది. చిన్న గాలి పంపు పెట్టి రాత్రంతా వదిలేస్తే ఇంకా తేలిక. అలా విడిపోయిన రంగును తేర్చడం సులువు. రియాక్టివ్ రంగు అంత సులువుగా దిగదు. పటికకు అది పెద్దగా లొంగదు, అన్నభేది, సున్నం కలిపితే మెరుగు.

మోతాదు ఎవరో చెప్పింది వేయకండి, సీసాల పరీక్ష చేయండి. అన్నభేది 100 గ్రాములు నీళ్లలో కరిగించి మొత్తం ఒక లీటరు చేయండి. ఆ ద్రావణంలో ప్రతి మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉన్నట్టు. ఐదు గాజు సీసాల్లో లీటరు చొప్పున జాడింపు నీళ్లు పోసి వరసగా 2, 4, 6, 8, 10 మిల్లీలీటర్లు వేయండి. తర్వాత ఒక్కో దాంట్లో సున్నపు తేట కాకుండా పాలలా చిక్కగా కలిపిన సున్నం నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ (పులుపు, క్షారం కొలత) కాగితం మీద తొమ్మిదిన్నర వచ్చేదాకా కలపండి. ఒక నిమిషం వేగంగా, పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా తిప్పి వదిలేయండి. ముదురాకుపచ్చ నలకలు కనిపిస్తాయి, గాలి తగిలేకొద్దీ ఇటుక రంగులోకి తిరుగుతాయి. అరగంట తర్వాత ఏ సీసా వెనక పెట్టిన న్యూస్‌పేపర్ అక్షరాలు చదవగలుగుతారో, వాటిలో తక్కువ మోతాదు ఉన్నదే మీది. 6 మిల్లీలీటర్ల సీసా అనుకుంటే వెయ్యి లీటర్ల ట్యాంకుకు 600 గ్రాముల అన్నభేది. రంగులు మారినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ చేయాలి. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రమవుతుందనుకోవద్దు, మడ్డి పెరుగుతుంది, ఆ మడ్డికి కిలో లెక్కన డబ్బు కట్టాల్సింది మీరే.

తేరిన నీళ్లలో సున్నం ఘాటు ఉంటుంది. పలచని యాసిడ్‌తో పీహెచ్ ఏడు, ఎనిమిది మధ్యకు తేవాలి. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చదవండి. సల్ఫర్ నలుపు అద్దిన నీళ్లలో యాసిడ్ పడితే కుళ్లిన గుడ్ల వాసనతో విషవాయువు వస్తుంది. అది ఎక్కువగా ఉన్నప్పుడు ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు, మనిషి అక్కడికక్కడే కుప్పకూలతాడు. సల్ఫర్ రంగు నీళ్లను మిగతావాటితో కలపకండి, వాటికి యాసిడ్ చూపకండి. హైడ్రోస్ నీళ్లలో యాసిడ్ పడినా ఘాటైన గంధకం పొగ వస్తుంది. ట్యాంకు అడుగు కడగడానికి ఎవరినీ లోపలికి దించకండి, పొడుగు కర్రకు చీపురు కట్టి పై నుంచే కడిగించండి. లోపల పడిన మనిషిని తీయడానికి దిగిన రెండో మనిషి కూడా ప్రాణాలు పోగొట్టుకుంటాడు.

ఇంకొకటి, రంగు చంపడానికి బ్లీచింగ్ పౌడర్ వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. నీళ్లు నిమిషాల్లో తెల్లబడతాయి నిజమే. కానీ రంగు అణువు విరిగి, క్లోరిన్‌తో కలిసి కొత్త విషాలు పుట్టే అవకాశం ఉంది, ఉప్పూ పెరుగుతుంది. ఆ తెలుపును నమ్మకండి.

తేట నీళ్లను కంకర మడిలోంచి పంపితే మంచిది. రెండడుగుల లోతు, అడుగున షీటు, నిండా కంకర, అందులో చెరువు గట్టున పెరిగే జమ్ము. నీళ్లు కంకర పైకి కనిపించకుండా రెండు మూడు రోజులు లోపలే నడవాలి. సబ్బు, గంజి వల్ల మిగిలిన మురికిని జమ్ము వేళ్ల దగ్గరి సూక్ష్మజీవులు తింటాయి. చివర ఇసుక, బొగ్గు వడపోత.

2016లో వస్త్ర పరిశ్రమకు పెట్టిన ప్రమాణాల ప్రకారం బయటికి వదిలే నీళ్లలో పీహెచ్ 6.5 నుంచి 8.5, కరిగిన లవణాలు లీటరుకు 2100 మిల్లీగ్రాములకు లోపు, బీవోడీ 30, సీవోడీ 250 (నీళ్లలోని మురికి ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చెప్పే అంకెలివి) దాటకూడదు. అన్నీ పెన్నుతో తేలవు, గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు నమూనా పంపాలి. నా మట్టుకు నేను ఆ 2100ను గీతగానే చూస్తాను తప్ప లక్ష్యంగా చూడను. నీళ్లు దిగని నల్లరేగడిలో ఏడాది పొడుగునా ఆ నీళ్లే పారిస్తే చౌడెక్కుతుంది. వీలైనంత వరకు ఈ నీళ్లను మళ్లీ రెండో జాడింపుకే వాడండి.

ఐదో మెట్టు: మడ్డి

ట్యాంకు అడుగున చేరిన మడ్డిలో చాలాభాగం నీళ్లే. దాన్ని ఆరబెట్టే మడి వేరే కట్టాలి. అడుగున షీటు, దాని మీద జానెడు కంకర, దాని మీద అరడుగు ఇసుక, నీళ్లు బయటికి రావడానికి చిల్లుల పైపు. మడ్డి అరడుగు మందంకన్నా ఎక్కువ పోయకండి, పైన పెచ్చు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఎండాకాలంలో రెండు వారాల్లోపే నెర్రెలు బారుతుంది. పెచ్చును చేత్తో విరిస్తే అప్పడంలా పట్‌మనాలి. సాగితే ఇంకా తడి ఉన్నట్టు. పైపులోంచి కారిన నీళ్లు మళ్లీ రెండో ట్యాంకులోకే పోవాలి.

ఎండిన మడ్డిని మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, కప్పు ఉన్న చోట, నేలకు ఎత్తుగా సిమెంటు అరుగు మీద పెట్టండి. ప్రతి సంచి మీద ఏమిటి, ఎంత, ఏ తేదీ అని రాసి ఉండాలి. మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. ఏడాదికి పది టన్నుల లోపు మడ్డి వచ్చే చిన్నవాళ్లకు మండలి అనుమతిస్తే 180 రోజుల దాకా గడువు ఉంటుంది. మన రాష్ట్రంలో ఇలాంటి సరుకును శాస్త్రీయంగా పూడ్చే కేంద్రం హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో ఉంది. అక్కడ సభ్యత్వం తీసుకుని, అనుమతి ఉన్న వాహనంలోనే పంపాలి. వెంట ఫారం 10 రవాణా పత్రం, అది ఏడు ప్రతులు. సరుకు చేరినట్టు తిరిగొచ్చిన ప్రతిని దాచుకోండి. ఏటా జూన్ 30 లోపు ఫారం 4లో లెక్క చూపాలి. ఒక్క షెడ్డు సరుకుకు లారీ దండగ అనిపిస్తే, చుట్టుపక్కల షెడ్ల వాళ్లంతా ఒకే రోజు పంపేలా మాట్లాడుకోండి.

"పొలంలో ఎరువుగా వేస్తం, ఇయ్యుండ్రి" అని అడిగే రైతులు ఉంటారు. ఇవ్వకండి. గుంత తవ్వి పూడ్చకండి, ఇటుక బట్టీకి ఇవ్వకండి, తగలబెట్టకండి. పొగలో వెళ్లింది పక్కింటి పిల్లల ఛాతీలోకి వెళ్తుంది.

ఆరో మెట్టు: పాడైన నేలను తిరిగి తెచ్చుకోవడం

కాలువ మూయకుండా నేలకు వైద్యం మొదలుపెట్టకండి. మూశాక ముందు జబ్బేమిటో చూడాలి.

కాలువ పొడుగునా, నేలలో నలుమూలలా పది చోట్ల 'వీ' ఆకారంలో గుంత తీసి, గుంత అంచు నుంచి సమంగా మట్టి గీకండి. పై జానెడు ఒక కుప్ప, దాని కింద జానెడు ఇంకో కుప్ప. ఒక్కో కుప్పను కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తేవాలి. కాలువ నోటి దగ్గరి మట్టిని మాత్రం మిగతావాటితో కలపకుండా వేరే సంచిలో పంపండి. ములుగు రోడ్డులో ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో గాని, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో గాని ముందు అడగండి. పీహెచ్, ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత), మార్పిడి సోడియం శాతం (మట్టి పట్టుకున్న సోడియం వాటా), జిప్సం అవసరం, వీటితో పాటు క్రోమియం, రాగి, సీసం, జింకు కావాలని చెప్పండి. లోహాల పరీక్ష అన్ని ల్యాబ్‌లలో ఉండదు, ఎక్కడ చేస్తారో వాళ్లే చెప్తారు.

ఈలోపు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. గాజు సీసాలో దోసెడు మట్టి, నిండా వాన నీళ్లు లేదా ఆర్వో నీళ్లు. బోరు నీళ్లు పనికిరావు. బాగా గిలకొట్టి కిటికీలో పెట్టండి. తెల్లారి నీళ్లు తేటగా ఉంటే సోడియం బాధ పెద్దగా లేదు. ఆ తేటలో పెన్ను ముంచి ఉప్పు ఉందేమో చూడండి. తెల్లారినా నీళ్లు టీలా మడ్డిగానే ఉంటే అది కారుచౌడు, అంటే సోడియం పట్టిన నేల. మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోలేక విడిపోతున్నాయన్నమాట. మా చెలక సీసా మూడు రోజులైనా తేరలేదు.

నివేదికలో ఈసీ 4 దాటి, పీహెచ్ 8.5 లోపు, సోడియం శాతం 15 లోపు ఉంటే పాలచౌడు, అంటే ఉప్పు మాత్రమే చేరిన నేల. పీహెచ్ 8.5 దాటి, సోడియం 15 దాటితే కారుచౌడు. ఈసీ ఏ పద్ధతిలో తీశారో అడగండి. 4 అనే గీత సంతృప్త సారంలో (మట్టిని నీళ్లతో ముద్ద చేసి, అందులోంచి లాగిన నీళ్లలో) తీసిన అంకెకు. ఒకటికి రెండున్నర పాళ్ల నీళ్లు కలిపి తీసిన అంకె దానికన్నా బాగా తక్కువ వస్తుంది, అది చూసి నేల బాగుందనుకుంటే మోసపోతాం.

పాలచౌడుకు మందు మంచి నీళ్లే. మళ్లు కట్టి నిలగట్టి ఉప్పును కిందికి దించాలి. కారుచౌడుకు ముందు జిప్సం, తర్వాత నీళ్లు. ఈ వరస తప్పితే నేల ఇంకా చెడుతుంది. మేం ఆ తప్పు చేశాం. వానలు బాగా పడ్డాయని మొదటి ఏడు జిప్సం లేకుండానే నీళ్లు నిలగట్టాం. పైనున్న ఉప్పు కాస్త దిగింది, సోడియం మట్టినే పట్టుకుని ఉండిపోయింది. నీళ్లు ఇంకిన తర్వాత నేల అట్టకట్టి, గడ్డపార దెబ్బకు కూడా పెచ్చులే లేచాయి. సున్నం కూడా వేయకండి, అది పుల్లనేలలకు. చౌడుకు కావాల్సింది జిప్సం.

పరీక్షలో ఎకరాకు 4 టన్నుల జిప్సం అవసరమని వస్తే అందులో సగం, 2 టన్నులతో మొదలుపెట్టడం మన దగ్గర పద్ధతి. 20 గుంటలకు ఒక టన్ను. మే నెలలో నేల చదును చేసి, చుట్టూ అడుగున్నర గట్టు పెట్టి, చిన్న మళ్లుగా విడగొట్టండి. తొలకరికి ముందు జిప్సం సమంగా చల్లి పై అరజానెడులోనే కలిసేలా దున్నండి. లోతుగా తిప్పితే పలచబడిపోతుంది. జిప్సం లీటరు నీళ్లలో రెండున్నర గ్రాములే కరుగుతుంది. టన్ను కరగాలంటే 4 లక్షల లీటర్లు కావాలి, అది 20 గుంటల మీద 200 మిల్లీమీటర్ల వాన. మంచి ఏడైతే జూలై ఒక్కటే దాదాపు అంత ఇస్తుంది. వాన నీళ్లకన్నా మంచి నీళ్లు ఈ పనికి లేవు, ఉప్పగా మారిన బోరు నీళ్లతో నిలగడితే అనుకున్న పని జరగదు.

దిగిన ఉప్పు మాయమైపోదు, కిందికో పక్కకో వెళ్తుంది. దగ్గర్లో తాగే నీళ్ల బావి గాని బోరు గాని ఉంటే, ఆ ఇంటివాళ్లతో మాట్లాడి, వాటి టీడీఎస్ ముందు కొలిచి, నెలకోసారి కొలుస్తూ ఉండండి. అంకె పెరుగుతుంటే నిలగట్టడం ఆపేయండి. ఆపి అడగడం అవమానం కాదు.

వాన నీళ్లు ఒకసారి దిగాక 20 గుంటలకు 6, 7 కిలోల జీలుగ చల్లండి. చౌడును ఓర్చుకునే మొక్క ఇది. 45 రోజులకు, కాడ ముదరకముందే కలియదున్నాలి. జీలుగ వేళ్లు దారి చేసిన చోట నీళ్లు దిగడం కళ్లారా చూడొచ్చు. మరుసటి ఏడు వరి వేయండి, ఎకరాకు 20 కిలోల లెక్కన జింకు సల్ఫేటు తప్పక వేయండి, చౌడులో జింకు మొక్కకు అందదు. కంది, పెసర లాంటి పప్పులు చివర్లో. వాటికి ఉప్పంటే పడదు.

ఇదంతా లోహాలు లేని నేలకే. క్రోమియం, సీసం ఎక్కువగా తేలిన చోట తినే పంట, పశువుల మేత రెండూ వద్దు. ఆ మట్టిని ఎత్తి పక్క చేనులో పోయకండి. ఎంత మేర, ఎంత లోతు ఉందో పరీక్షలతో తేల్చి, మండలి వాళ్లకు చూపి, బాగా చెడ్డ పై మట్టిని దుండిగల్‌కే పంపాలి. మిగిలిన చోట మొరం, మంచి మట్టి కప్పి కానుగ, వేప నాటండి. సర్కారు తుమ్మ త్వరగా వస్తుందని నాటితే పక్క చేలకు పాకుతుంది.

నమూనా తీసిన పది చోట్లా రాళ్లు పాతి ఉంచండి. ఏటా ఏప్రిల్‌లో అవే చోట్ల మట్టి తీసి, సీసా పరీక్ష చేసి, సీసా మీద ఏడాది రాసి అరలో పెట్టండి. మా ఇంట్లో నాలుగు సీసాలున్నాయి. మూడో ఏటి సీసా తెల్లారేసరికి సగం తేరింది, నాలుగోది పూర్తిగా తేటపడింది. కంది మొత్తం నేలలో వేసే ముందు కాలువ నోటి నుంచి అవతలి గట్టు దాకా ఒక్క సాలు వేసి చూడండి, మొలక ఎక్కడ పలచబడితే మందు అక్కడ చాల్లేదన్నమాట. మా దాంట్లో కాలువ నోటి దగ్గర రెండు గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి. ఈ తొలకరికి అక్కడ మళ్లీ జిప్సం వేస్తున్నాం.